పన్నెండు ముడుల దూలం

దొంగ వరద వచ్చిన ఏడు జరిగిన సంగతి ఇది. అంతకు ముందు వచ్చినదాన్ని పెద్ద వరద అనేవాళ్ళు. అది చెప్పి వచ్చింది. జనం మూటాముల్లె సర్దుకుని మేడలెక్కి కూర్చుని దాన్ని చూశారు. ఈ రెండోది చెప్పాపెట్టకుండా తెల్లవారుజామున వీధుల్లోకి వచ్చేసింది. మనుషుల జోలికి పోలేదు గానీ, గుమ్మాల ముందు విడిచిన చెప్పుల దగ్గర్నుంచి బడి పైకప్పు దాకా అందినదల్లా పట్టుకుపోయింది. అందుకే ఆ పేరు.

బడి అంటే ఒక పొడుగాటి గది, దాని ముందు ఇటుకలు పరిచిన ఆవరణ. గాలి రేకుల్నీ కర్రనూ ఊడబెరికి పడేస్తే నీళ్ళు మోసుకుపోయాయి. నాలుగు గోడలు మాత్రం నడుం దాకా బురద పూసుకుని నిలబడ్డాయి. మళ్ళీ వానలు పడేలోగా వాటి మీద కప్పు వెయ్యాలి. ఆ పని పెద్దమేస్త్రికీ చిన్నమేస్త్రికీ వచ్చింది.

ఇద్దరూ వడ్రంగులే. చిన్నమేస్త్రి పెద్దమేస్త్రికి బావమరిది, భార్య తమ్ముడు. మీసం రాని వయసులో పని నేర్చుకోడానికని అక్కగారింటికి వచ్చాడు. మీసం నెరిసినా బావ పని షెడ్డు వదల్లేదు. పెళ్ళయ్యాక కాపురం పక్క వీధికి మార్చాడంతే.

పెద్దమేస్త్రి మాటల్లో మహా పొదుపరి. కుర్చీ చేసిమ్మని ఎవరైనా వస్తే చెప్పిందంతా విని, తలూపి, మళ్ళీ చిత్రిక పట్టుకునేవాడు. ఒప్పుకున్నాడో లేదో తెలియక వచ్చినవాళ్ళు గుమ్మంలో గుటకలు మింగుతుంటే బావమరిది అందుకునేవాడు. "తలూపాడుగా, అంటే వారంలో కుర్చీ మీ ఇంట్లో ఉన్నట్టే. మా బావ వాటా మాటలు కూడా నేనే మాట్లాడాలండీ. అందుకే నాకు రెండు టీలు పొయ్యాలి" అనేవాడు. పనిలో మాత్రం ఇద్దరికీ మాట అక్కర్లేదు. ఒకరు చెయ్యి చాస్తే రెండోవాళ్ళు అందులో ఉలి పెట్టేవాళ్ళు. అడిగింది ఉలేనా, సుత్తా అన్న అనుమానం ఎప్పుడూ రాలేదు.

తలుపులకూ బల్లలకూ టేపు వాడేవాళ్ళు. ఇళ్ళ కప్పులకు మాత్రం తాడే. పెద్దమేస్త్రి తండ్రి పేనిన నూలుతాడు అది. మూరెడు మూరెడు ఎడంలో ముడులుండేవి. చెరో కొస పట్టుకుని బిగలాగి ముడులు లెక్కపెట్టుకోవడమే. కొలత ముగియగానే తాడు చుట్టచుట్టి రేకు డబ్బాలో పెట్టి మూత వేసేవాడు పెద్దమేస్త్రి. తాడు తడవనివ్వకు అని తండ్రి చెప్పి పోయాడు. ఎందుకో చెప్పలేదు. ఆయనా మాటల్లో పొదుపరే. నూలు గదా, కుళ్ళిపోతుంది కాబోలు అనుకుని ఈయన ఊరుకున్నాడు.

బడి వెడల్పు, ఈ గోడ బయటి అంచు నుంచి ఆ గోడ బయటి అంచుకు, పన్నెండు ముడులు వచ్చింది. వరద ఒడ్డున పడేసిపోయిన కర్రలో మంచివి ఏరి, అడ్డంగా వెయ్యాల్సిన నాలుగు దూలాల్ని ఆ రోజే ఆవరణలో పన్నెండు ముడులకు కోసేశారు. ఒక్కో దూలం మీద రెండు వాసాలు ఏటవాలుగా లేచి నడిమధ్యన కలుసుకోవాలి. అప్పుడది ముక్కోణపు చట్రం. అలాంటివి నాలుగు నిలబెట్టి వాటి మీద రేకులు పరిస్తే కప్పు అయినట్టే. వాలు ఎక్కువిస్తే గాలి మళ్ళీ రేకుల్ని లేపేస్తుంది, పైగా కర్ర చాలదు. అందుకని వాసం పొడుగు ఆరుంపావు ముడులు చాలన్నాడు పెద్దమేస్త్రి. సగానికి పావు ముడి ఎక్కువ. పైకి లేవడానికి ఆ పావే ఆసరా.

మర్నాడు సామిల్లుకు కరెంటు వస్తుందని, సాయంత్రానికి మళ్ళీ పోతుందని కబురొచ్చింది. వరద తరవాత కరెంటు అలా చుట్టంచూపుగా వచ్చిపోతుండేది. పొద్దున్నే ఇద్దరూ బండి మీద కర్ర వేసుకుని వెళ్ళారు. పెద్దమేస్త్రి డబ్బా మూత తీస్తే తాడు చేతికి చెమ్మగా తగిలింది. ఆ ఏడు చెమ్మగా తగలనిదంటూ ఏముంది? పరుపులు చెమ్మ, అగ్గిపెట్టెలు చెమ్మ, గోడలైతే చెమట పట్టినట్టుండేవి. ఆయన దాన్ని పట్టించుకోలేదు. ఎనిమిది వాసాల మీదా విడివిడిగా తాడు పరిచి, చెరో కొసా పట్టి, గీతలు గీశారు. కరెంటు పోకముందే ఎనిమిదీ కోతపడ్డాయి.

బడి ఆవరణలో మొదటి దూలం నేలమీద పెట్టి, దాని రెండు కొసలకూ రెండు వాసాలు ఆనించారు. గోడల బురద గీకుతున్న తాపీ మేస్త్రి పని ఆపి చూశాడు. టార్పాలిన్ కింద పాఠం చెబుతున్న టీచరమ్మా, ముప్పై మంది పిల్లలూ చూశారు.

"చూడండర్రా, ఇప్పుడు ఇవి రెండూ ముద్దెట్టుకుంటాయి" అన్నాడు చిన్నమేస్త్రి.

పిల్లలు కిసుక్కుమన్నారు. వాసాల పై కొసలు కలుసుకోలేదు. ఇంకొంచెం కిందికి వంచారు. కలుసుకోలేదు. వంచీ వంచీ రెండూ దూలం పక్కనే నేలమీద పడుకున్నాయి. అప్పుడు కూడా వాటి మధ్య నాలుగు వేళ్ళు పట్టే సందు మిగిలింది.

"కప్పు వెయ్యమంటే చాప పరిచారేంటయ్యా!" అన్నాడు తాపీ మేస్త్రి.

అందరూ నవ్వారు. చిన్నమేస్త్రి కూడా ముందు నవ్వాడు. పెద్దమేస్త్రి ఆ సందులో నాలుగు వేళ్ళూ పెట్టి చూసి, లేచి, బావమరిది మొహంలోకి చూశాడు.

"నీ చెయ్యి వదులు" అన్నాడు.

తాడు కొస వదులుగా పడితే మధ్యలో జారుతుంది. జారిన తాడుతో ముడులు లెక్కపెడితే కర్ర పొట్టిదవుతుంది. ఆ సంగతి అక్కడున్న పిల్లలకు కూడా తెలిసిపోయింది. వడ్రంగిని పట్టుకుని చెయ్యి వదులనడం, వంటమనిషిని పట్టుకుని చెయ్యి మురికి అనడం లాంటిది. చిన్నమేస్త్రి మొహం కందగడ్డయింది.

"ఏంటి బావా? ఏమన్నావ్? మళ్ళీ అను."

పెద్దమేస్త్రి అన్నమాట మళ్ళీ అనే మనిషి కాదు.

"నా చెయ్యి వదులా? ఇన్నేళ్ళూ నీ తాడు రెండో కొస పట్టింది ఎవడి చెయ్యి? కోసేటప్పుడు నువ్వేం చూశావ్, ఆకాశంలో కొంగల్నా? రోజంతా నోరు తెరవవు, తెరిస్తే ఇదా వచ్చేది?"

రంపం అక్కడే పడేశాడు. చెప్పులు ఎవరివో వేసుకున్నాడు. గేటు దాటేటప్పుడు వెనక్కి తిరిగి, అందరికీ వినపడేట్టు అన్నాడు:

"నలుగురిలో అన్నావ్. ఇక్కడే, ఈ నలుగురిలోనే ఆ మాట వెనక్కి తీసుకో. అందాకా నీ తాడుకు ఇంకో మేకు చూసుకో."

*

పెద్దమేస్త్రి వాసాలన్నీ గోడవార పేర్చి, మీద గోనెపట్టాలు కప్పేశాడు. మంచి కర్ర ఊళ్ళో మరి లేదు. ఉన్నా ఒక్కడివల్ల అయ్యే పని కాదు. పొద్దున్నే వచ్చి పిల్లల బెంచీలకు కాళ్ళు బిగించుకుంటూ, కిటికీలు సరిచేసుకుంటూ ఉండేవాడు. గోనెపట్టాల వైపు చూసేవాడు కాదు.

చిన్నమేస్త్రి సామిల్లులో రోజుకూలీగా చేరాడు. మిల్లు యజమాని ఎగువన ఇంకో మిల్లు పెడుతున్నాడు, చిన్నమేస్త్రిని పెళ్ళాంపిల్లలతో సహా అక్కడికే వచ్చి ఉండిపొమ్మంటున్నాడు. వారం తిరిగేలోగా ఏ సంగతీ తేల్చి చెప్పాలి.

ఈ కబుర్లన్నీ పెద్దమేస్త్రికి భార్య ద్వారా చేరేవి. ఆమె రెండిళ్ళ మధ్యా తిరిగి తిరిగి చెప్పులరిగిపోయి, ఇద్దరినీ కలిపి దులిపేది.

"ఒకాయన మూగనోము పట్టాడు, ఇంకొకడు అలకపాన్పు ఎక్కాడు. చిన్నపిల్లలైతే చెరో దెబ్బా వేసి కూర్చోబెట్టేదాన్ని. ఏమండీ, మిమ్మల్నే. వాడు వెళ్ళిపోతానంటున్నాడు."

"ఊఁ."

"ఊఁ ఏంటి? ఒక్కసారి వెళ్ళి, పొరపాటున అన్నానురా అనండి. నోటి ముత్యాలు రాలవు."

"పొరపాటని తెలియాలి గదా" అన్నాడాయన.

ఆయనకు అంతకు మించి లోతులేమీ లేవు. వాసాలు పొట్టివయ్యాయి. తాడుకు రెండు కొసలు. ఒక కొస తన చేతిలో ఉంది, అది బిగువుగానే ఉంది. ఇంక మిగిలింది రెండో కొస. తప్పు కాదని తెలిసిన మాటను తప్పని ఎలా అనడం? అలాగని బావమరిది లేని షెడ్డు బాగుందా అంటే, అదీ లేదు. పని మధ్యలో చెయ్యి చాస్తే అది గాలిలో అలాగే ఉండిపోయేది. కాసేపటికి తనే లేచి వెళ్ళి ఉలి తెచ్చుకునేవాడు.

*

ఆ వారంలోనే ఒకరోజు టీచరమ్మ ఆయన దగ్గరకొచ్చింది. చిన్న మనిషి. చేతుల నిండా సుద్దపొడి.

"మేస్త్రిగారూ, మీ కర్రలు ఒక్క గంటసేపు కావాలి."

ఆయన బెంచీ కాలు తిప్పి చూశాడు.

"ఆ కలవనివి" అంది ఆమె, గోనెపట్టాల వైపు చూపిస్తూ. "త్రిభుజాల పాఠం నడుస్తోంది. కాగితం త్రిభుజం మూడు మూలలూ చింపి పక్కపక్కన పెడితే తిన్నటి గీత వస్తుందని చూపించాను. అది బాగానే పట్టుకున్నారు. కర్రపుల్లలతో చేసిన నాలుగు పలకల బొమ్మ నలిగిపోతుంది, మూడు పలకలది నలగదని చూపించాను, అదీ పట్టుకున్నారు. భుజాల దగ్గరకొచ్చేసరికి ఆవలింతలు."

"వద్దమ్మా."

"మిమ్మల్ని ఎగతాళి చెయ్యడానికి కాదండీ."

ఆయన ఊరుకుంటే ఔనని అనుకోవచ్చు, కాదని అనుకోవచ్చు. ఆమె ఔననే అనుకుని పిల్లల్ని కేకేసింది. వాళ్ళు గోనెపట్టాలు లాగేశారు. ఆయన వీపు తిప్పుకుని బెంచీ కాలికి చిత్రిక పట్టడం మొదలుపెట్టాడు. చెవులు మాత్రం వెనక్కే ఉన్నాయి.

పిల్లలు దూలానికి రెండు వాసాలు ఆనించి, వంచి, పడుకోబెట్టారు. నాలుగు వేళ్ళ సందు అలాగే ఉంది.

"ఎందుకు కలవలేదు?" అంది టీచరమ్మ.

"పొట్టివి గనక."

"ఒక్కోటీ దూలం కన్నా పొట్టిదే. అది తప్పు కాదు. మరి?"

రెండు జడల పిల్ల ఒకతి దూలం మీద నడుస్తూ చెప్పింది. "రెండూ కలిపినా పొట్టే టీచర్. ఈ కొస నుంచి ఆ కొసకు దూలం మీద నడిస్తే తిన్నగా పోతాం. వాసాల మీంచి ఎక్కి దిగితే చుట్టుదారి. చుట్టుదారి దగ్గరదారి కన్నా పొట్టిగా ఎలా ఉంటుంది? మా కుక్కక్కూడా తెలుసు. బిస్కెట్టు చూపిస్తే అడ్డంగా పరిగెత్తుకొస్తుంది గానీ గోడ చుట్టూ తిరిగి రాదు."

"అంతే. త్రిభుజంలో ఏ రెండు భుజాలు తీసుకున్నా, కలిపితే మూడోదాని కన్నా ఎక్కువుండాలి. లేకపోతే అది మూసుకోదు."

"మరి మేస్త్రిగారికి తెలియదా టీచర్?"

పెద్దమేస్త్రి చేతిలో చిత్రిక ఆగింది.

"ఆయనకు తెలుసు. కర్రకే తెలియలేదు" అంది టీచరమ్మ. "పన్లో పడండి. మిగతావి కూడా తెచ్చి, ఏ జతైనా కలుస్తుందేమో చూడండి."

పిల్లలు వాసాల్ని చీమలు మోసినట్టు మోసుకొచ్చి దూలం పక్కన వరసగా పేర్చారు. జతలు మార్చి మార్చి చూశారు. ప్రతి జతకూ అదే నాలుగు వేళ్ళు.

"ఏది పెట్టినా ఒకటే టీచర్. అన్నీ అచ్చుగుద్దినట్టున్నాయి. కవలపిల్లలు!" అని అరిచింది రెండు జడల పిల్ల.

పెద్దమేస్త్రి వెనక్కి తిరిగాడు. ఆ రోజు ఆయన చూసింది మొదటి జతనే. చూసి, నోరు జారి, మిగతావి కప్పేశాడు. ఇప్పుడు ఎనిమిదీ పక్కపక్కన ఉన్నాయి. ఒక కొస సరిచేసి పెడితే రెండో కొసలన్నీ గీత గీసినట్టున్నాయి. ఆయన వాటి మీద అరచేయి ఆనించి ఆ చివర్నుంచి ఈ చివరకు నిమిరాడు. చేతికి ఎక్కడా ఎత్తూ పల్లం తగల్లేదు.

చెయ్యి వదులైతే ఒకసారి బెత్తెడు జారుతుంది, ఒకసారి వేలెడు జారుతుంది. ఎనిమిదిసార్లు ఒక్కలాగే జారే చెయ్యి ఉండదు.

డబ్బాలోంచి తాడు తీసి, ఒక కొస రెండు జడల పిల్లకిచ్చాడు.

"పట్టుకో. బిగించు."

ఆ పిల్ల రెండు కాళ్ళూ తన్నిపెట్టి, నాలుక బయటపెట్టి మరీ లాగింది. వాసం ఆరు ముడులకే చాలలేదు. దాని మీద పెద్దమేస్త్రి పెన్సిలు గీతే, ఆయన రాసుకున్న గుర్తే ఉంది. ఆరుంపావు. ఇంకోటి కొలిచాడు. అదీ అంతే. దూలం కొలిచాడు. పన్నెండు, వెంట్రుకవాసి తేడా లేకుండా.

"అబద్ధం రాసుకున్నారా తాతా?" అంది పిల్ల.

"ఏమో" అన్నాడాయన.

పిల్ల దూలం వైపు చూసి, ఏదో తట్టినట్టు టీచరమ్మ వైపు తిరిగింది. "టీచర్, పొట్టివాటిని పొడుగు చెయ్యలేంగా. మరి పొడుగుదాన్ని కోసేస్తే? అప్పుడు కలుస్తాయిగా."

"కలుస్తాయి. అయితే గోడలు ఏమవుతాయి? దూలం వాటి మీద ఆనాలిగా."

"గోడలు లోపలికి జరగాలి."

పిల్లలంతా గొల్లుమన్నారు. తాపీ మేస్త్రి నవ్వలేదు. గోడను ఒకసారి, దూలాన్ని ఒకసారి చూసి గడ్డం గోక్కున్నాడు.

"గోడలు జరగవు గానీ పాపా, గోడకు లోపలివైపు ఆనించి ఇటుక స్తంభాలు లేపొచ్చు. అటో అర ముడి, ఇటో అర ముడి. దూలం వాటి మీద కూర్చుంటుంది. ఏమంటావ్ మేస్త్రీ?"

పెద్దమేస్త్రి తలూపాడు. ఆ తరవాత, "ఇద్దరం కావాలి" అన్నాడు. ఆయన మనసు అప్పటికే స్తంభాల మీద లేదు. తాడు చేతిలో తిప్పుకుంటూ ఇంటిదారి పట్టాడు.

*

ఇంటి వెనక తొట్టి దగ్గర భార్య బట్టలు పిండుతోంది. ఆయన చేతిలోని తాడు చూడగానే మొహం చిట్లించింది.

"మళ్ళీ మట్టిలో పొర్లించారా దాన్ని? మొన్ననే గదా శుభ్రంగా ఉతికిపెట్టాను."

ఆయన అక్కడే ఆగిపోయాడు.

"ఎప్పుడు?"

"ఎప్పుడేంటి? బడి గోడలు కొలిచొచ్చిన సాయంత్రం. డబ్బా తెరిస్తే బురద కంపు. ఇంట్లో ఉండలేకపోయాం. సబ్బు పెట్టి ఉతికి, రాత్రంతా వసారాలో ఆరేసి, పొద్దున మీరు లేవకముందే డబ్బాలో పెట్టాను. ఎంత తెల్లగా వచ్చిందో! దానికేం మెచ్చుకోలు దొరికింది?"

ఆయన తాడును గచ్చు మీద పరిచి, ఒక కొసను తొట్టి అంచుకు కట్టాడు. బిగలాగి, ఆరో ముడి దగ్గర బొగ్గుతో గీత గీశాడు. విప్పి, తాడంతా బకెట్లో ముంచాడు. భార్య పిండుతున్న బట్ట చేతిలో అలాగే పెట్టుకుని చూస్తోంది. తాడు నీళ్ళు బాగా పీల్చుకునేదాకా ఆగి, తీసి, మళ్ళీ అదే కొస కట్టి అంతే బిగువుగా లాగాడు. ఆరో ముడి బొగ్గు గీతకు జానెడు ఇవతలే ఆగిపోయింది. ఇంకా లాగాడు. అరచేతులు ఎర్రబడ్డాయి గానీ ముడి గీత దాకా రాలేదు.

తడిసిన నూలు ఉబ్బుతుంది. ఉబ్బితే పొడుగు తగ్గుతుంది, ఆరితే మళ్ళీ సాగుతుంది. ఆరిన తాడుతో దూలాలు కొలిచారు, తడిసిన తాడుతో వాసాలు కొలిచారు. తండ్రి ఎందుకు వద్దన్నాడో పెద్దమేస్త్రికి ఆ గచ్చు మీద తెలిసింది. ఇంకో రెండు మాటలు ఎక్కువ చెప్పి పోయుంటే పోయేదేముంది అనుకున్నాడు.

భార్యకూ అర్థమైంది. చేతిలోని బట్ట తొట్టిలో జారిపోయింది.

"నేనా?" అంది. "అయ్యో, నేనా చేసింది? మీ ఇద్దర్నీ పట్టుకుని ఇన్నాళ్ళూ నోటికొచ్చినట్టు తిట్టానే!"

"తాడు" అన్నాడు పెద్దమేస్త్రి.

"తాడుకేం తెలుసండీ, నేను ముంచితే మునిగింది."

"నాకు చెమ్మ తగిలింది. చూసుకోలేదు."

ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంటే కళ్ళలో సబ్బు పడింది. దాంతో ఇంకాస్త ఏడ్చి, ఆ తరవాత మామూలు మనిషయింది.

"సరే. ఇప్పుడు తెలిసిందిగా పొరపాటని. నేను వెళ్ళి చెప్పేస్తాను వాడికి, ఇలా ఇలా జరిగిందీ అని."

"నువ్వొద్దు."

"మరి?"

"నేనన్నాను. నేనే అనాలి. అక్కడే" అన్నాడు.

"పిల్లల ముందా? ఆ తాపీ ఆయన ముందా? మీరా? మొన్న పక్కింటివాళ్ళ పెళ్ళిలో రెండు ముక్కలు మాట్లాడమంటే దొడ్డిదారిన వచ్చేశారు మీరు."

పొద్దు వాలకముందే ఆమె తమ్ముడింటికి వెళ్ళొచ్చింది. "పొద్దున మిల్లుకు వెళ్తూ బడి దగ్గర ఒక్క నిమిషం ఆగమన్నాను. ఎందుకో చెప్పలేదు. చూస్తానన్నాడు. రేపే మిల్లాయనకు మాటిచ్చే రోజట" అంది.

ఆయన భోజనానికి కూర్చున్నాడు గానీ కూర కలుపుకోవడం మరిచిపోయి వట్టి అన్నమే తిన్నాడు. ఆమె చూసింది. పడుకున్నాక ఆయన పెదవులు కదలడం కూడా చూసింది. రేపటి మాటలు ఇప్పుడే లెక్క సరిచూసుకుంటున్నాడని తెలిసి, పక్కకు తిరిగి నవ్వుకుంది.

*

తెల్లారి పెద్దమేస్త్రి అందరికన్నా ముందు బడికి వెళ్ళాడు. ఆవరణలో దూలాన్ని రెండు దిమ్మెల మీదికి ఎత్తిపెట్టాడు. పక్కన నీళ్ళ బకెట్టు పెట్టాడు. పిల్లలొచ్చారు, టీచరమ్మ వచ్చింది, తాపీ మేస్త్రి ఇటుకల బండితో వచ్చాడు. గేటు దగ్గర చిన్నమేస్త్రి చేతిలో భోజనం గిన్నెతో వచ్చి నిలబడ్డాడు. లోపలికి రాలేదు. వాళ్ళక్క వెనకే వచ్చి, పారిపోకుండా అన్నట్టు అతని చొక్కా అంచు పట్టుకుంది.

పెద్దమేస్త్రి గొంతు సవరించుకున్నాడు. రాత్రి కూర్చుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు. రాత్రంతా పొయ్యి పక్కన పొడిగా ఆరబెట్టిన తాడు తీసి ఆరు ముడులు దూలం మీద పరిచి గీత గీశాడు. బకెట్లో ముంచాడు. పిల్లలు చుట్టూ మూగారు. తాడు నానేదాకా ఆయన బకెట్టు పక్కనే గొంతుక్కూర్చున్నాడు. తీసి మళ్ళీ పరిచి, ముడికీ గీతకూ మధ్య ఉన్న సందు మీద వేలు పెట్టాడు.

"ఆ రోజు తాడు తడిగా ఉంది" అన్నాడు. "వాసాలు అందుకే పొట్టి. వాడి చెయ్యి వదులు కాదు. నేనన్నది తప్పు."

గేటు వైపు చూసి, చాలదనిపించిందేమో, మళ్ళీ అన్నాడు. "వాడి చెయ్యి ఎప్పుడూ వదులు కాదు."

ఆయన అన్నమాట మళ్ళీ అనడం అక్కడున్నవాళ్ళు అంతకు ముందు వినలేదు.

"ఉతికింది నేనేరా! ఆయన చెప్పడు, నేనే!" అంది వెనకనుంచి అక్క.

చిన్నమేస్త్రి దూలాన్నీ తాడునూ బావనూ మార్చి మార్చి చూశాడు. మొహం ఇంకా బిగించే ఉంది. "ఇంత పెద్ద ఉపన్యాసం ఇచ్చావు, దాహం వేస్తుందేమో బావా" అన్నాడు. "ఆ బకెట్లో నీళ్ళు మాత్రం తాగకు. పొట్టివాడివైపోతావ్."

పిల్లలు పగలబడి నవ్వారు. పెద్దమేస్త్రి నవ్వలేదు. పదునుపెట్టి తెచ్చిన ఇద్దరు లాగే రంపాన్ని దూలం పక్కన నిలబెట్టాడు.

"ఎంతకు కొయ్యాలి?" అన్నాడు చిన్నమేస్త్రి గేటు దగ్గర్నుంచే.

"పదకొండు."

"ఏ పదకొండు? తడిదా, పొడిదా?"

పెద్దమేస్త్రి తాడును చుట్టి రెండు జడల పిల్ల చేతిలో పెట్టాడు. రెండు వాసాల్ని మోసుకొచ్చి, దూలం ఒక కొస నుంచి మొదలుపెట్టి, కొసా కొసా ఆనేట్టు దాని మీద పడుకోబెట్టాడు. రెండూ కలిసి ఎక్కడిదాకా వచ్చాయో అక్కడ ఒక గీత గీశాడు. పైకి లేవడానికి కావలసినంత లోపలికి, రెండు జానలకు నాలుగు వేళ్ళు తక్కువగా జరిగి, అసలు గీత గీశాడు. వాసాల్ని దించి పక్కన పెట్టాడు. రంపం పళ్ళు గీత మీద ఆనించి, తనవైపు పిడి పట్టుకుని వంగి నిలబడ్డాడు.

చిన్నమేస్త్రి భోజనం గిన్నె అక్క చేతికిచ్చాడు.